మూడేండ్ల శ్రద్ధ, ముప్పదేండ్ల ఫలము

గ్రామ పంచాయతీ పుస్తకములలో బావులకు లెక్క యున్నది, బాటలకు లెక్క యున్నది, వీధిదీపములకు లెక్క యున్నది. ఊరిలో పుట్టిన బిడ్డలకును లెక్క యున్నది. జనన మరణముల పుస్తకములో వారి పేర్లు వ్రాయబడుచున్నవి. కాని ఆ బిడ్డ పుట్టిన దినము మొదలు మూడేండ్లు నిండువరకు ఏమి తినుచున్నది, దానితో ఎవరు మాటలాడుచున్నారు, ఎవరు ఆడించుచున్నారు, దాని తల్లి మనస్సు ఎట్లున్నది అను సంగతులు ఏ పుస్తకములోనికిని ఎక్కవు. ఇవి ఇంటిలోపలి విషయములు, వీనితో పంచాయతీకి పని లేదని పలువురి అభిప్రాయము.

ఈ అభిప్రాయము సరియైనది కాదని గడచిన నలుబది సంవత్సరములలో జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. బిడ్డకు తొలి మూడేండ్లలో దొరకిన తిండి, మాట, ఆట, ఇంటిలోని శాంతి అను వాని ఫలము ఇరువది, ముప్పది సంవత్సరముల తరువాత కూడ కనబడుచున్నదని ఆ పరిశోధనలు నిరూపించినవి. వానిలో ఒకటి హైదరాబాదు చెంతనున్న పల్లెలలో జరిగినది. మరియొకటి సముద్రముల కవతల జమైకా దీవిలోను, వేరొకటి మన పొరుగున ఒడిశాలోను, ఇంకొకటి పాకిస్తాను పల్లెలలోను జరిగినవి. వానిలో ఏమి తేలినది, దానిని బట్టి పంచాయతీ సభ్యులు ఏమి చేయగలరు అనునది ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

నారుమడి వంటి వయస్సు

వరి పండించు రైతు నారుమడిపై చూపు శ్రద్ధ అందరికిని తెలిసినదే. మంచి విత్తనము నేరి, నానబెట్టి, మండె కట్టి, మొలక వచ్చిన పిమ్మట చల్లును. నారు పసుపెక్కినచో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. నారు బలహీనమైనచో నాట్లు వేసిన తరువాత ఎంత ఎరువు చల్లినను పైరు పూర్తిగా కోలుకొనదని అతనికి అనుభవము.

మనిషి బ్రతుకులో తొలి మూడేండ్లు అట్టి నారుమడి వంటివి. పుట్టునప్పటికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో సుమారు మూడవ వంతు మాత్రమే యుండును. రెండేండ్లు నిండునప్పటికి అది సుమారు ఐదింట నాలుగు వంతులగును. ఇంత వేగముగ మెదడు పెరుగు కాలము జీవితమున మరి యొకటి లేదు. ఈ పెరుగుదలకు మాంసకృత్తులు, ఇనుము, అయొడిను వంటి పోషక పదార్థములు కావలెను. అవి యున్నంత మాత్రమున చాలదు. కండరము పని చేసినకొలది గట్టిపడునట్లు, మెదడులోని నరముల అల్లిక వాడుకను బట్టి గట్టిపడును.

ఆ వాడుక ఏది? మూడు నెలల బిడ్డ 'ఉంగా' యనును. తల్లి దాని ముఖము చూచి తానును అట్లే పలుకును. బిడ్డ నవ్వి మరల పలుకును. ఏడాది నిండిన బిడ్డ వ్రేలితో ఆవును చూపును. తాత 'ఆవు, తెల్లావు' అని పేరు చెప్పును. చూచువారికి ఇది కాలక్షేపముగ తోచవచ్చును. బిడ్డ మెదడునకు మాత్రము ఇదియే వ్యాయామము. బిడ్డ పిలిచినప్పుడు బదులు దొరకిన ప్రతి పర్యాయమును ఆ అల్లిక బలపడును. ఎంత పిలిచినను బదులు లేనిచో బిడ్డ పిలుచుటయే తగ్గించుకొనును. అట్టి బిడ్డను చూచి 'ఎంత బుద్ధిమంతుడు, ఏడుపే లేదు' అని మనము మెచ్చుకొందుము!

హైదరాబాదు చెంతనున్న పల్లెలలో

పోషకాహార పరిశోధన మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1918లో మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ప్రారంభించిన పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థ యను పేర పనిచేయుచున్నది.

1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దేశములోని 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమైనది. అంగన్‌వాడీలు ఈ పథకముతోనే పుట్టినవి. పథకము ఒక్కసారిగ అన్ని చోట్లకును రాలేదు, క్రమక్రమముగ విస్తరించినది. 1987లో హైదరాబాదు సమీపమున కొన్ని పల్లెలకు అది చేరినది, ప్రక్కనున్న పల్లెలకు ఇంకను చేరలేదు. ఈ తేడాను ఆధారము చేసికొని సంస్థ వారు 29 గ్రామములలో పరిశోధన ప్రారంభించిరి. 15 గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అదనపు ఆహారము దొరకెను. తక్కిన 14 గ్రామములలో అది లేదు. ఆ ఆహారము విశేషమైనదేమియు కాదు. మొక్కజొన్న, సోయా పిండిని సోయా నూనెతో వండిన ఉప్మా. తల్లులకు దినమునకు సుమారు 500 క్యాలరీల శక్తి నిచ్చునంత, పిల్లలకు అంతకంటె తక్కువ పెట్టిరి. 1990 వరకు ఇట్లు జరిగెను.

2003 నుండి 2005 వరకు పరిశోధకులు మరల ఆ ఊళ్ళకు వెళ్ళి, అప్పటికి 13 నుండి 18 సంవత్సరముల వయస్సులో నున్న 1,165 మంది బాలబాలికలను పరీక్షించిరి. అదనపు ఆహారము దొరకిన ఊళ్ళ పిల్లలు తక్కిన వారికంటె సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగియుండిరి. వారి రక్తనాళములు బిరుసెక్కుట తక్కువగ నుండెను. వారి శరీరమున ఇన్సులిను పనితనము మెరుగుగ నుండెను. అనగా ముందుముందు గుండెజబ్బు, మధుమేహము వచ్చు అవకాశము తగ్గుటకు తగిన లక్షణములు కనబడెను. ఆ పిల్లలే 20, 25 ఏండ్ల వారైన తరువాత మరల చూడగా, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారు వారిలో ఎక్కువగ నుండిరి. ఆ వయస్సునకే పెండ్లి యైనవారు తక్కువగ నుండిరి. గర్భిణికి, పసిబిడ్డకు పెట్టిన పిడికెడు ఉప్మా ఇరువది సంవత్సరముల తరువాత చదువుగ మారినదన్న మాట.

జమైకా దీవిలో మాట, ఆట

తిండి యొక్కటే చాలునా యను ప్రశ్నకు జమైకాలో సమాధానము దొరకినది. కింగ్‌స్టన్ నగరములోని పేదవాడలలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 1986, 1987 సంవత్సరములలో 129 మంది బిడ్డలను ఎన్నుకొనిరి. వారందరును 9 నెలలకు పైబడి రెండేండ్ల లోపు వయస్సు గలవారు. వయస్సునకు తగిన ఎత్తు ఎదుగక గిడసబారినవారు. వారిని నాలుగు జట్లుగ విభజించిరి. ఒక జట్టునకు వారమునకు ఒక కిలో పాలపొడి ఆహార మిచ్చిరి. రెండవ జట్టునకు ఆహారము కాక, వారమున కొకమారు ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి గంటసేపు తల్లితోను బిడ్డతోను ఆడి, మాటలాడి, ఆటలు నేర్పి పోవునట్లు ఏర్పాటు చేసిరి. మూడవ జట్టునకు రెండును కలిపి యిచ్చిరి. నాలుగవ జట్టునకు ఈ రెండును లేవు. రెండేండ్లు ఇట్లు నడిపిరి.

ఆ కార్యకర్తలు గొప్ప చదువులు చదివినవారు కారు. ఆటవస్తువులును అంగడిలో కొన్నవి కావు. ఖాళీ సీసాలు, డబ్బాలు, చెక్కముక్కలు మొదలగు ఇంటి వస్తువులతో చేసినవి. ఒక వారము ఇచ్చిన వస్తువును మరుసటి వారము తీసికొని మరియొకటి ఇచ్చెడివారు. వారి పని బిడ్డకు పాఠము చెప్పుట కాదు. బిడ్డతో ఎట్లు ఆడవలెనో, చేయుచున్న పనినే మాటలుగ ఎట్లు చెప్పవలెనో, బిడ్డ చేసినదానిని ఎట్లు మెచ్చుకొనవలెనో తల్లికి చూపుటయే వారి పని.

రెండేండ్ల తరువాత చూడగా ఆహారము వలనను మేలు కలిగెను, ఆటపాటల వలనను మేలు కలిగెను. రెండును దొరకిన బిడ్డలు గిడసబారని బిడ్డల స్థాయికి దాదాపు చేరుకొనిరి. ఈ పరిశోధకులు అంతటితో ఊరకుండక ఆ బిడ్డల జాడను విడువకుండ సంవత్సరముల తరబడి చూచిరి. వారికి సుమారు 22 ఏండ్లు వచ్చునప్పటికి, ఆటపాటల సహాయము పొందినవారు చదువులో ముందుండిరి, కొట్లాటలలో తక్కువగ పాల్గొనిరి. అది పొందని వారికంటె వారి సంపాదన నూటికి 25 వంతులు ఎక్కువగ నుండెను. 31 ఏండ్ల వయస్సులో మరల లెక్కించగా గంటకు వారు పొందు కూలి నూటికి 43 వంతులు ఎక్కువగ నుండెను.

పాలపొడి మాత్రమే పొందినవారిలో తొలి మేలు పెద్దవయస్సు వరకు నిలువలేదు. దీనినిబట్టి తిండి అక్కరలేదని ఎవరును భ్రమపడరాదు. గర్భము నుండియే పెట్టిన తిండి ఎంత మేలు చేయునో హైదరాబాదు పల్లెలు చూపినవి. బిడ్డ గిడసబారిన తరువాత తిండి యొక్కదానితోనే లోటు తీరదు, మాటయు ఆటయు దానికి తోడుకావలెనని జమైకా చూపినది.

ఒడిశా పల్లెలలో గుంపు కూటములు

అంత చిన్న దీవిలో 129 మందికి సాధ్యమైనది మన పల్లెలలో సాధ్యమా యని సందేహము రావచ్చును. అదే పద్ధతిని మన దేశమునకు తగినట్లు మార్చి ఒడిశాలోని 192 గ్రామములలో 1,449 మంది పసిబిడ్డల విషయమున పరీక్షించిరి. ఫలితములు 2020లో ప్రకటింపబడినవి. కొన్ని ఊళ్ళలో స్థానిక స్త్రీలు వారమున కొకమారు ఇంటింటికి వెళ్ళిరి. మరికొన్ని ఊళ్ళలో తల్లులు బిడ్డలతో కలిసి వారమున కొకమారు ఒకచోట గుంపుగ కూడిరి. రెండు విధముల ఊళ్ళలోను బిడ్డల తెలివితేటలు మెరుగుపడినవి. గుంపు కూటముల వలన కలిగిన మేలు ఇంటింటికి వెళ్ళుటవలన కలిగిన మేలునకు తీసిపోలేదు. ఖర్చు మాత్రము ఎంతో తక్కువయ్యెను.

పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగ గుర్తింపవలసిన విషయమిది. వారమునకు ఒక గంట, నీడగల ఒక స్థలము, పది మంది తల్లులు, వారిని నడిపింప నేర్చిన ఊరి స్త్రీ యొకతె, ఇంటి వస్తువులతో చేసిన ఆటబొమ్మలు. ఇంతకు మించిన సామగ్రి దీనికి అక్కరలేదు.

ఇచ్చటనే ఒక హెచ్చరికయు చెప్పవలసియున్నది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున ఇట్టి కార్యక్రమమే 18 నెలలు నడిపి నిలిపివేసిరి. నడచినంత కాలము మేలు కనబడెను. నిలిపిన రెండేండ్లకు చూడగా ఆ మేలు మిగులలేదు. ప్రారంభోత్సవమునకు పందిరి వేసి, ఛాయాచిత్రములు తీయించుకొని, ఆరు నెలలకు మరచిపోవు పనులలో దీనిని చేర్చిన యెడల ఫలము దక్కదు.

తల్లి మనస్సు, ఇంటి శాంతి

బిడ్డతో మాటలాడుమని తల్లికి చెప్పుట సులభము. తెల్లవారుజామున లేచి, వంట చేసి, నాట్లకో పత్తి తీతకో పోయి, చీకటి పడువేళకు తిరిగివచ్చి మరల పొయ్యి వెలిగించు తల్లికి మాటలాడు ఓపిక ఎక్కడిది? మగడు త్రాగివచ్చి కొట్టు ఇంటిలో ఆమెకు నవ్వు ఎట్లు వచ్చును? కాన్పు తరువాత కొందరు స్త్రీలను తీవ్రమైన దిగులు పట్టుకొనును. నిద్ర పట్టదు, ఆకలి వేయదు, బిడ్డను ఎత్తుకొనవలెనని అనిపింపదు. దీనిని సోమరితనమనియు, గాలి సోకినదనియు చెప్పువారు నేటికిని కలరు. ఇది చికిత్సకు లొంగు వ్యాధి.

పాకిస్తానులో రావల్పిండి సమీపమున పల్లెలలో అతిఫ్ రహమాన్ అను వైద్యుని బృందము దీనిపై పనిచేసినది. మన పంచాయతీల వంటి 40 యూనియన్ కౌన్సిళ్ళను ఎన్నుకొని, దిగులునకు లోనైన 903 మంది గర్భిణులను గుర్తించిరి. సగము కౌన్సిళ్ళలో ఊరి ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ నిచ్చిరి. వారు కాన్పునకు ముందు నుండి బిడ్డకు పది నెలలు వచ్చువరకు తల్లి ఇంటికి పోయి, ఆమె బాధను విని, ధైర్యము చెప్పి, ఇంటివారిని కూడ కలుపుకొని మాటలాడెడివారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చునప్పటికి ఆ కౌన్సిళ్ళలో నూటికి 23 మంది తల్లులలో మాత్రమే దిగులు మిగిలియుండెను. తక్కిన కౌన్సిళ్ళలో నూటికి 53 మందిలో మిగిలియుండెను. తల్లులు మాత్రమే కాక తండ్రులును బిడ్డలతో ఆడుకొను కాలము పెరిగినది. 2008లో ప్రకటింపబడిన ఈ ఫలితములలో మందు ఏదియు లేదు. వినువారు దొరకుటయే మందు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పసిబిడ్డల పెంపకమునకు ఐదు అంగములు చెప్పినది. అవి: ఆరోగ్యము, చాలినంత పోషణ, భద్రత, బిడ్డ సైగ నెరిగి స్పందించు పెంపకము, తొలి దశనుండియే నేర్చుకొను అవకాశము. ఇందులో ఏ యొక్కటి లోపించినను తక్కినవి పూర్తి ఫలము నీయవు.

కరవునందు పిల్లల ఎదుగుదల

ఒకమారు లోటు కలిగినచో బిడ్డ బ్రతుకు చెడినట్లేనా? కాదు. మన ప్రాంతముననే దీనికి సాక్ష్యము కలదు. 2002లో 'యంగ్ లైవ్స్' అను పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాములతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశములోను ప్రారంభమైనది. శ్రీకాకుళము, పశ్చిమగోదావరి, అనంతపురము, కడప, కరీంనగరు, మహబూబ్‌నగరు జిల్లాలనుండియు, హైదరాబాదునుండియు సుమారు 3,000 మంది పిల్లలను అందు చేర్చుకొని, వారు పెరిగి పెద్దవారగు వరకు సంవత్సరముల తరబడి పరిశీలించిరి.

ఆ పిల్లలు పసివారుగ నున్నప్పుడే తీవ్రమైన కరవు వచ్చినది. కరవు సోకిన కుటుంబముల బిడ్డల ఎదుగుదల దెబ్బతిన్నది. అయితే 2003లో రాష్ట్రములోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్న భోజనము ప్రారంభమైనది. ఆ భోజనము దొరకిన కరవు కుటుంబముల పిల్లలు తాము కోల్పోయిన ఎదుగుదలను చాలవరకు తిరిగి పొందిరని ఈ పరిశోధనలో తేలినది. ఇంటి యజమాని ఎంత కష్టపడినను కరవును ఆపలేడు. ఊరుమ్మడి ఏర్పాటు మాత్రమే అట్టి సమయమున బిడ్డను కాపాడగలదు. కావున బిడ్డల పెంపకము ఇంటి విషయము మాత్రమే యనుట పొసగదు.

2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఐదేండ్ల లోపు పిల్లలలో గిడసబారినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 31 మంది, తెలంగాణమున నూటికి 33 మంది. అనగా సుమారు ముగ్గురు బిడ్డలలో ఒకరు. మన ఊరి అంగన్‌వాడీలో ముప్పది మంది యున్నచో అందు తొమ్మిది, పది మంది అట్టివారై యుండవచ్చును. వారెవరో పేరు పేరున తెలిసికొనుట పంచాయతీకి మొదటి పని.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ వలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో 25వ అంశము స్త్రీ శిశు అభివృద్ధి. పంచాయతీల అభివృద్ధి ప్రణాళికకు నిర్ణయించిన తొమ్మిది లక్ష్యములలో 'బాలలకు అనుకూలమైన గ్రామము' ఒకటి. కావున ఈ పనికి అధికారము వెదకవలసిన అవసరము లేదు. చేయదగిన పనులు ఇవి:

1. లెక్క. ఊరిలోని గర్భిణులు, మూడేండ్ల లోపు బిడ్డలు ఎందరో పంచాయతీ సమావేశమున ప్రతి నెలయు చదివించవలెను. అంగన్‌వాడీలో తీయు బరువు, ఎత్తు కొలతలలో వెనుకబడిన బిడ్డల సంఖ్య పెరిగినదా, తగ్గినదా యని విచారింపవలెను. బిడ్డల పేర్లు సభలో చదువరాదు. తల్లికి అవమానము కలిగినచో ఆమె మరల కేంద్రమునకు రాదు.

2. అంగన్‌వాడీ. మూడేండ్లు నిండిన పిల్లలు కేంద్రమునకు వచ్చి కూర్చుందురు. అంతకంటె చిన్నవారి విషయమున ఇంటికి సరకులు తీసికొనిపోవుటతోనే సంబంధము తీరిపోవుచున్నది. వారమున కొక గంట తల్లుల కూటము నడపుటకు పంచాయతీ తోడ్పడవలెను. పుట్టినది మొదలు మూడేండ్ల వరకు ఏ నెలలో ఏ ఆట ఆడించవలెనో తెలుపు 'నవచేతన' యను మార్గదర్శిని 2024లో కేంద్ర ప్రభుత్వము వెలువరించినది. అందు 36 నెలలకు 140 ఆటపాటలు వివరింపబడినవి. కార్యకర్తకు అది అందినదా, ఆచరణలో నున్నదా యని సభ్యులు విచారింపవలెను. ఆమెపై ఇతర శాఖల పనులు మోపక, కేంద్రమునకు నీరు, మరుగుదొడ్డి, చదునైన నేల, నీడ ఏర్పరుపవలెను.

3. ఆటవస్తువులు. గిలక్కాయ, కొయ్య బొమ్మ, గుడ్డ బంతి, తాటాకు బొమ్మ, ఒకదానిలో ఒకటి ఇమిడెడి గిన్నెలు చాలును. ఊరి వడ్రంగి, దర్జీ ఒక దినము పనిచేసినచో కేంద్రమునకు వలసినన్ని చేయగలరు. చింతగింజలు, గోళీలు వంటి చిన్న వస్తువులు మూడేండ్ల లోపు బిడ్డలకు ఈయరాదు, గొంతున అడ్డుపడును. పదునైన అంచులు గల డబ్బాలును తగవు.

4. తండ్రులు. రచ్చబండ దగ్గర కూర్చుండు మగవారితో ఈ మాట చెప్పగలవారు పంచాయతీ సభ్యులే. దినమునకు అరగంట బిడ్డను ఎత్తుకొని ఊరు చూపుట మగతనమునకు లోటు కాదు. సర్పంచి తన మనుమని ఎత్తుకొని వీధిలో తిరిగినచో నూరు ఉపన్యాసములకంటె అది ఎక్కువ పనిచేయును.

5. పనుల కాలము. నాట్లు, మిరప కోత, పత్తి తీత వచ్చినప్పుడు పసిబిడ్డను చూచుటకు పెద్దపిల్లను బడి మాన్పించు వాడుక కలదు. ఇందువలన ఇద్దరు బిడ్డలకు నష్టము. ఆ నెలలలో ఊరి వృద్ధ స్త్రీల సహాయముతో, స్వయంసహాయక సంఘముల తోడ్పాటుతో శిశు సంరక్షణ కేంద్రము నడపవచ్చును. పాలమూరు, అనంతపురము వంటి ప్రాంతములనుండి వలస పోవువారు బిడ్డలను అవ్వ తాతల కడ విడిచిపోవుదురు. ఆ అవ్వ తాతలను తల్లుల కూటమునకు పిలువవలెను.

6. ఇంటి శాంతి. భార్యను కొట్టుట ఆ యింటి గొడవ కాదు. అది 2005 నాటి గృహహింస నిరోధక చట్టము క్రింద విచారింపదగినది. ప్రతి దినము కేకలు, దెబ్బలు చూచు బిడ్డ ఎప్పుడును భయమున నుండును. భయమున నున్న మెదడు నేర్చుకొనలేదు. ఆపదలోనున్న స్త్రీ 181 సంఖ్యకు, బిడ్డల విషయమున 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. మనస్సు దిగులుగ నున్నవారు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఈ మూడు సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు తీర్మానము కూడ అక్కరలేదు.

కొన్ని సందేహములు

'మా తల్లులు ఏ పరిశోధన చదివి మమ్ము పెంచిరి?' అని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. బిడ్డను కాళ్ళపై పరుండబెట్టుకొని స్నానము చేయించుచు మాటలాడుట, చందమామను చూపుచు గోరుముద్దలు తినిపించుట, లాలి పాడుట, దాగుడుమూతలు ఆడించుట మన ఇండ్లలో పూర్వమునుండియు ఉన్నవే. జమైకాలో గంటసేపు నేర్పినదియు ఇంచుమించు ఇదియే. కాని నాడు ఉమ్మడి ఇంటిలో అమ్మమ్మ, మేనత్త, పిన్ని యుండిరి. నేడు పలు ఇండ్లలో తల్లియు, బిడ్డయు, ఒక సెల్‌ఫోనును మిగిలినవి. ఏడ్చు బిడ్డ చేతికి ఫోను ఇచ్చినచో ఏడుపు ఆగును గాని, ఫోను బిడ్డ సైగకు బదులు పలుకదు. రెండేండ్ల లోపు బిడ్డలకు తెరపై బొమ్మలు చూపుట తగదనియు, రెండేండ్లు నిండిన తరువాత కూడ దినమునకు గంటకు మించరాదనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది.

'మొక్కై వంగనిది మానై వంగునా' యను సామెతను పిల్లలను కొట్టుటకు సమర్థనగ చెప్పువారును కలరు. మొక్కకు కావలసినవి నీరు, ఎండ, ఎరువు, పశువులు మేయకుండ కంచె. దెబ్బలతో ఏ మొక్కయు పెరుగలేదు.

'ఇంత చేసిన తరువాత ప్రతి బిడ్డయు పండితుడగునా?' అని మరియొక ప్రశ్న. కాడు. ఈ పరిశోధనలు చూపిన మేలు సగటు లెక్కలలో కనబడు మేలు; మంత్రము కాదు. తరువాత మంచి బడి కావలెను, ఆరోగ్యము కావలెను. నారు బాగుగ నున్నంత మాత్రమున పంట ఇల్లు చేరదు. కాని నారు చెడినచో తరువాతి శ్రమలో సగము వృథా యగును.

ఒక పంచాయతీ పదవీకాలము ఐదేండ్లు. ఆ కాలములో వేసిన బాటకు రెండు వానలలోనే గుంటలు పడవచ్చును. ఆ కాలములో ఊరిలో పుట్టి, కడుపునిండ తిని, పిలిచినప్పుడు బదులు పొంది పెరిగిన బిడ్డ మాత్రము ముప్పది సంవత్సరముల తరువాత కూడ ఆ ఊరికి ఆస్తియే. శిలాఫలకముపై పేరు లేకున్నను, ఆ ఆస్తిని కూర్చిపెట్టిన కీర్తి ఆ పంచాయతీదే. రాబోవు నెల సమావేశపు విషయసూచికలో ఒక్క పంక్తి చేర్చవలెను: 'మన ఊరిలో మూడేండ్ల లోపు బిడ్డలు ఎందరు? వారెట్లున్నారు?' పని అచ్చటనే ఆరంభమగును.